నేల తుడిచే గుడ్డ

కిందటి వారం చంద్రికను మల్లాపూర్ చౌరస్తాలో వదిలి వచ్చాం. స్కూటీ పక్కకు ఆపుకుని, హెల్మెట్ తియ్యాలో వద్దో కూడా తేల్చుకోలేక నిలబడి ఉంది. వారం రోజులు మనిషిని ఎండలో నిలబెట్టడం అన్యాయమే. కానీ ఆవిడ వెళ్ళాల్సిన ఇల్లు అలాంటిది మరి. అడుగు ముందుకు పడనివ్వదు, వెనక్కి పోనివ్వదు.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టిన వాళ్ళకోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. రెండువేల పన్నెండులో, శివరాత్రి వెళ్ళిన రెండోనాడు, స్వర్ణలత అనే ఇరవై మూడేళ్ళ పిల్ల మల్లాపూర్‌లోని తన అద్దె గదిలోంచి మాయమైపోయింది. లేత్ మిషను మీద పనిచేసే భర్త జీవన్ తనే పోయి స్టేషన్లో చెప్పుకున్నాడు. మొగుడూ పెళ్ళాలకు పడేది కాదని చుట్టుపక్కల వాళ్ళు అనేసరికి పోలీసులు నాలుగోరోజున అతన్నే పట్టుకుపోయి గదికి తాళం వేశారు. పన్నెండో రోజున మళ్ళీ తెరిచి వెతికితే సజ్జ మీద నెత్తుటి గుడ్డ ఒకటి దొరికింది. అది నాచారంలోని సత్యకిరణ్ ల్యాబుకు వచ్చింది. అక్కడ డి.ఎన్.ఏ. పరీక్షలు చేసే చంద్రిక, ఆ నెత్తురు స్వర్ణలత తల్లిదండ్రులు హన్మయ్య, దుర్గమ్మల కూతురిదేనని రాసి సంతకం పెట్టింది. శవం దొరకలేదు. అయినా ఆ ఒక్క వాక్యం పుణ్యమా అని జీవన్ పదహారు నెలలుగా జైల్లో ఉన్నాడు.

ఇప్పుడు ల్యాబులో కొత్త పద్ధతి ఒకటి నేర్చుకుంటున్నారు. చేయి తిరగడం కోసం పాత కేసుల్లో మిగిలిన నమూనాలతో పాటు ఆ గుడ్డదీ పెట్టింది చంద్రిక. వచ్చిన ఫలితం చూసి ఆ పూట అన్నం తినలేదు. మళ్ళీ చేసింది. మూడోసారీ అదే వచ్చింది. అది గాయంలోంచి కారిన నెత్తురు కాదు.

పై అధికారి సుబ్రహ్మణ్యం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పద్ధతి కొత్తదమ్మా. మనం రాసి పంపిస్తాం, పంపించాలి. కానీ కోర్టు దీన్ని పక్కన పడేస్తుంది. ఆ గుడ్డ ఏమిటో తెలిసిన మనిషి ఎవరైనా నోరు విప్పితే అప్పుడు మన కాగితానికి విలువ." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ, "నేనీ మాట అనలేదు, నువ్వు వినలేదు," అని కూడా అన్నాడు. ఆ గుడ్డను మొదట గుర్తుపట్టింది దుర్గమ్మ. మంగళవారం కోర్టులో సాక్ష్యం చెప్పబోయేదీ ఆవిడే. సాక్షి ఇంటికి ల్యాబు మనిషి పోకూడదని చంద్రికకు తెలుసు. తెలిసే ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు బండి తీసింది.

దుర్గమ్మ వాకిట్లోనే పీట వేసుకుని పుంటికూర, అదే గోంగూర, ఒలుస్తోంది. చంద్రికను చూడగానే లేచింది. పోయిన సంవత్సరం తన వేలినుంచి నెత్తురు తీసిన మేడం మొహం ఆవిడ మరిచిపోలేదు.

"మీరా మేడం. ఏంది గిట్ల వచ్చిన్రు? లోపలికి రాండ్రి."

లోపలికి వచ్చి కూర్చుందో లేదో, పక్క గది శాంతాబాయి స్టీలు గ్లాసు పట్టుకుని ప్రత్యక్షమైంది. చాయ్‌పత్తి నిండుకుందట. చేతిలో గ్లాసు, కళ్ళు మాత్రం చంద్రిక చెప్పుల నుంచి చెవి కమ్మల దాకా. దుర్గమ్మ గ్లాసులో ఇంత చాయ్‌పత్తి పోసి, "నీ పొయ్యి మీద పాలు పొంగుతున్నయి, వాసనొస్తుంది సూడు," అని సాగనంపి తలుపు దగ్గరికి వేసింది. పాలూ లేవు, వాసనా లేదు. అంత దుఃఖంలోనూ ఆ మాత్రం తెలివి ఆడవాళ్ళకు ఉంటుంది.

గోడమీద స్వర్ణలత ఫోటోకు ప్లాస్టిక్ మల్లెల దండ వేసి ఉంది. పెళ్ళినాటి ఫోటో. ఫోటోగ్రాఫరు నవ్వమంటే నవ్విన నవ్వు. చంద్రిక దాని ఎదురుగా కూర్చోలేక కాస్త పక్కకు జరిగింది.

"మీ ఆయన?"

"రాత్రి డ్యూటీ దిగి పదింటికొస్తడు. నాచారంల గోదాం కాడ వాచ్‌మెన్ గద. ఆయనతోని పనా?"

"కాదమ్మా. మీతోనే."

దుర్గమ్మ పుంటికూర కట్టను ఒళ్ళోకి తెచ్చుకుని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. చేతులకు పని ఉంటే వినడం తేలిక.

"మీకు రక్తం తీసినప్పుడు ఒక మాట చెప్పాను, గుర్తుందా? మనిషి ఒంట్లో ఎక్కడ చూసినా అదే డి.ఎన్.ఏ. ఉంటుందని."

"చెప్పిన్రు. ఉమ్మిల గూడ ఉంటదన్నరు."

"ఉంటుంది. రక్తంలో, ఉమ్మిలో, చర్మంలో, అన్నిట్లో ఒకటే. అందుకే నా రిపోర్టు ఆ గుడ్డ మీది రక్తం ఎవరిదో చెప్పింది. ఒంట్లో ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. అప్పుడు మాకు తెలుసుకునే దారి లేదు. ఇప్పుడు వచ్చింది. డి.ఎన్.ఏ. అంతటా ఒకటే అయినా, దానిమీద చిన్న చిన్న గుర్తులుంటాయి. రక్తంలో ఒక తీరుగా ఉంటాయి, నోట్లో ఇంకో తీరుగా. ఆ గుర్తులు చూసి ఇది ఫలానా చోటుదని చెప్పొచ్చు."

దుర్గమ్మ మందు గోలీల ప్యాకింగులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. కాసేపు ఆలోచించి అంది: "మా కంపెనీల డబ్బలన్నీ తెల్లయే. లేబుల్ అంటిస్తెనే జొరం గోలీలా, బీపీ గోలీలా ఎరుకైతది. గసొంటిదా?"

"అచ్చం అలాంటిదే."

నెల రోజులుగా ల్యాబులో ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా పది బొమ్మలు గీయాల్సి వచ్చింది చంద్రికకు. ఈవిడ ఒక్క మాటలో పట్టేసింది. ఇక అసలు సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో రోజుకు పదిసార్లు అలవోకగా అనే మాట, తల్లి లాంటి మనిషి ముందు తెలుగులో నోట్లోంచి ఊడిపడలేదు. బాపట్లలో వాళ్ళమ్మ ఆ మూడు రోజులూ కూతుర్ని వసారాలో చాప మీద కూర్చోబెట్టి, ఎవరడిగినా "కాకి ముట్టింది" అనేది. చదువుకుని, ఉద్యోగం చేసి, ఇద్దరు మనుషులకు పై అధికారిణి అయ్యాక కూడా ఆ చాప ఇంకా కిందే ఉన్నట్టుంది.

"ఆ గుడ్డ మీద ఉన్నది దెబ్బ తగిలి కారిన రక్తం కాదమ్మా. అందులో గర్భసంచి లోపలి పొర ఉంది. అది... నెలసరి రక్తం."

దుర్గమ్మ చేతులు ఆగలేదు. ఒక కాడ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది. పురుగు పట్టిన ఆకును ఏరి పక్కన పడేసింది. చంద్రిక ఆవిడకు అర్థం కాలేదేమో అనుకుని ఇంకోసారి చెప్పబోయింది.

"నాకు ఎరుకే మేడం," అంది దుర్గమ్మ తలెత్తకుండానే. "మొదటిరోజు నుంచే ఎరుక."

చంద్రిక ఇంకొంచెం దగ్గరకు జరిగి కూర్చుంది.

"ఆ గుడ్డ నాదే. నా నీలం చీర. చినిగితే నాలుగు ముక్కలు చేసి దానికిచ్చిన. నాలుగు మడతలు పెట్టుడు, నడుమ కుట్టేసుడు నేనే నేర్పిన. పెద్దమనిషయిన నాడే చెప్పిన దానికి. బిడ్డా, గిది మొగోని కంట్ల పడొద్దు, పిండుకున్నంక లంగా కింద ఆరేసుకోవాలె, నీళ్ళు లేకుంటే కవర్ల చుట్టి ఎవ్వలకు అందని కాడ దాసి, నీళ్ళొచ్చినంక పిండుకోవాలె అని. దాని రూముండే లైన్ల నాలుగు దినాలకొకసారి ట్యాంకరొస్తుండె. నా బిడ్డ నేను చెప్పినట్టే దాసింది."

"మరి పోలీసులకు..."

"ఎస్సై దాన్ని సజ్జ మీదికెళ్ళి తీసి, వాకిట్ల బొంతమీద పరిసిండు మేడం. లైనంత వచ్చి నిలబడ్డది. పది పన్నెండు మంది మొగోళ్ళు. మా బావగారున్నడు. మా ఆయనున్నడు. ఇంటోనరున్నడు. ఆ నడుమల ఎస్సై లాఠీతోని దాన్ని ఎత్తి సూపెట్టి, 'ఏందమ్మా ఇది, ఇంట్ల దేనికి వాడుతరు' అన్నడు. నేనేమనాలె? నా బిడ్డ మానం తీసి వాకిట్ల ఆరేసినట్టయింది. భూమి పగిలితే బాగుండనిపించింది. 'నేల తుడుసుకునే గుడ్డ సారూ' అన్న. ఆయన రాసుకున్నడు."

ఆవిడ ఒక అబద్ధం చెప్పింది, అంతే. ఏ తల్లయినా అదే చెబుతుంది. కానీ నేల తుడిచే గుడ్డకు నెత్తురు అంటుకుంటే దానికి ఒకటే అర్థం: ఎవరో నేలమీది నెత్తురు తుడిచారు. నేలమీద అంత నెత్తురుంటే ఎవరో నరికారు. ఎస్సైకి కథ మొత్తం ఆ మూడు మాటల్లో దొరికిపోయింది. ల్యాబుకు వచ్చిన కాగితంలోనూ అదే మాట: నేల తుడిచే గుడ్డ, నీలం రంగు, ఒకటి.

చంద్రికకు ఆ రోజు కళ్ళకు కట్టింది. చేతికి గ్లవ్స్, ముందు బల్ల మీద నీలం గుడ్డ. నాలుగు మడతలు. మధ్యలో కుట్టు. మరక అంచుల్లో లేదు, అచ్చంగా నడిమిన ఉంది. నేల తుడిస్తే మరక అలా అవుతుందా? పదమూడో ఏట నుంచి ఆవిడ చేతులకూ ఆ మడత తెలుసు. అయినా కాగితంలో ఏముందో చూసింది, రెండంగుళాల ముక్క కత్తిరించుకుంది, సంచి మూసి ముద్ర వేసింది. ఆడదై ఉండి ఆ గుడ్డను కళ్ళతో చూడనే లేదు. తప్పు మిషనుది కాదు, పద్ధతిదీ కాదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆవిడకు నెలరోజులు పట్టింది.

"మొదటిరోజంటే సిగ్గుపడ్డారు. తరవాత? పదహారు నెలలమ్మా. ఆ అబ్బాయి అక్కడ..."

"ఆ పిల్లగాడు నా బిడ్డ మీద చెయ్యి చేసుకున్నడు," అంది దుర్గమ్మ. మొదటిసారి తలెత్తింది. "రెండుసార్లు. చెంపమీద వాతలు నా కండ్లతోని సూసిన. పోలీసోళ్ళు వాడే సంపిండన్నరు. సంపే ఉంటడు, గుడ్డతోని పనేముందనుకున్న. ఇంక మీ కాగితమొచ్చింది. మీరేమో పెద్ద చదువులు చదివినోళ్ళు, మిషన్ల పెట్టి సూసిన్రు. నెత్తురు నా బిడ్డదే అని రాసిన్రు. లాయరు సారు చదివి, 'సూసినవా దుర్గమ్మా, సైన్సే చెప్పింది' అన్నడు. మీ కాగితమొచ్చినంక నా కండ్లను నేనే నమ్మలే మేడం. నేను సూసింది తప్పేమో, ఆ గుడ్డతోనే వాడు నెత్తురు తుడిసిండేమో అనుకున్న. అనుకోని అనుకోని గదే నిజమైంది నాకు."

నేను రాసింది ఒక వాక్యమే, మీరంతా దాన్ని ఇంకోలా చదివారు అని చంద్రిక అనొచ్చు. కోర్టులో అయితే అంటుంది కూడా. ఆ ఇంట్లో అనలేదు. "తప్పు నాది కూడా అమ్మా," అని మాత్రం అంది.

"తప్పు నీదైతే ఏంది, నాదైతే ఏంది బిడ్డా," అంది దుర్గమ్మ. మేడం పోయి బిడ్డ అయింది, ఆవిడకే తెలియకుండా. "మంగళారం నాడు ఏం చెప్పమంటవ్?"

"జరిగింది చెప్పండి. అది నేల తుడిచే గుడ్డ కాదని చెప్పండి. ఏమిటో చెప్పండి. మీరు చెబితే నా కొత్త రిపోర్టుకు బలం వస్తుంది. జీవన్ బయటికి వస్తాడు."

"జడ్జి మొగోడు. లాయర్లు మొగోళ్ళు. వెనక బెంచీల మీద లోకమంత కూసుంటది."

"అవును."

"నేను అబద్ధమాడిన్నని గూడ రాస్తరు."

"రాస్తారు."

దుర్గమ్మ ఒలిచిన ఆకునంతా చాటలోకి ఎత్తింది. కాడలు ఒక పక్కకు చేర్చింది. చివరికి గోడమీది ఫోటో వైపు చూస్తూ అంది: "చెప్త. సిగ్గు ఇంకెవలికోసం దాసుకోవాలె నేను? చెప్త. కాని జడ్జి ఒకటి అడుగుతడు. పిల్లగాడు సంపకపోతే నీ బిడ్డ యాడున్నదమ్మా అంటడు. నేనేం చెప్పాలె? ఇన్ని దినాలు ఒక జవాబన్న ఉండె నాకు. సచ్చింది, వాడు సంపిండు అని. ఏడ్సుకుంట పండుకునేదాన్ని. నువ్వచ్చి అదిగూడ గుంజుకుంటివి."

కన్నీళ్ళు వచ్చింది చంద్రికకే. పరాయి ఇంట్లో, సాక్ష్యం అడగడానికి వచ్చి, ఏడుస్తూ కూర్చోవడం ఎంత అసహ్యంగా ఉంటుందో ఆవిడకు తెలుసు. ఆపుకోవడం చేతకాలేదు. దుర్గమ్మే లేచి కుండలోంచి నీళ్ళు ముంచింది.

నీళ్ళ చెంబు అందిస్తూ అందిస్తూ ఆవిడ ఆగిపోయింది.

"మేడం. మీ మిషను తప్పు చెప్పదు గద? అది ముట్టుగుడ్డేనా?"

"మూడుసార్లు చేశాను. అదే."

"అయితే దాన్ని సజ్జ మీద పెట్టింది నా బిడ్డనే."

"అవును, ఆవిడే..."

"కాదు మేడం, జర ఇనుండ్రి. నెత్తురు తుడిసిన గుడ్డయితే మొగోడు దాస్తడు. ముట్టుగుడ్డను మొగోడు ముట్టడు. సచ్చినా ముట్టడు. అది తన చేతులతోని పెట్టుకోవాలె." దుర్గమ్మ గొంతు తగ్గించింది. "నాలుగో దినం, పిల్లగాన్ని పట్టుకపోయిన నాడు, పోలీసోళ్ళు రూమంత ఎతికిన్రు. సజ్జ ఎత్తుగుంటది, లేడీ కానిస్టేబులుకు అందలే. నేనే స్టూలెక్కిన. ఒక్కొక్కటి కిందికి దించిన. పాత సూట్‌కేసు, బతుకమ్మ తాంబాలం, రెండు బొంతలు. చీపురుతోని ఊడ్సిన గూడ. ఆ గుడ్డ అక్కడ లేదు మేడం."

చంద్రిక చెంబు కింద పెట్టింది. "పోలీసులు మొదటిసారి సరిగ్గా చూడలేదని రాసుకున్నారు."

"వాళ్ళు సూడలేదు. నేను సూసిన. పన్నెండో దినం దొరికినప్పుడు నాకెందుకు తోయలేదంటే, సచ్చిపోయిన పిల్ల వచ్చి గుడ్డ దాసుకుంటదా? తోస్తదా ఎవలకన్న? పోలీసోళ్ళు మల్ల ఎతికితే దొరికిందన్నరు, ఔననుకున్న."

నాలుగో రోజున లేదు. పన్నెండో రోజున ఉంది. ఆ మధ్య ఎనిమిది రోజులు జీవన్ పోలీసుల దగ్గరే ఉన్నాడు. చంద్రిక వేళ్ళ మీద లెక్క వేసుకుంటుంటే దుర్గమ్మ అప్పటికే లెక్క దాటి ముందుకు పోయింది. "దాని ముట్టు తారీఖు గూడ ఆ ఏడు శివరాత్రికి పది దినాలకు. తప్పకపోయేది. ఆ పదో దినం నా బిడ్డ పానంతోని ఉన్నది మేడం. ఆ రూముల్నే ఉన్నది."

ఆ మాట అన్నాక ఆవిడ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. సంతోషం కాదది. పదహారు నెలలు చచ్చిందని ఏడ్చిన తల్లికి, బతికుండీ తన దగ్గరికి రాలేదని తెలిస్తే దాన్ని ఏమనాలో ఈ కథ చెప్పే మనిషికి తెలియదు.

"తాళం వేసి ఉంది కదమ్మా గదికి," అంది చంద్రిక మెల్లగా. "లోపలికి ఎలా వచ్చింది?"

"ఉండే తాళమే వేసిన్రు పోలీసోళ్ళు. దానికి రెండు చెవులు. వాళ్ళిద్దరికి ఒకటి, అది స్టేషన్ల పెట్టుకున్నరు. ఇంకొకటి మా దగ్గర..."

దుర్గమ్మ వాక్యం పూర్తి చెయ్యలేదు.

బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడు. తలుపు తోసుకుని హన్మయ్య వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజాన టిఫిను సంచి, నడుముకు గోదాం తాళంచెవుల గుత్తి. కొత్త మనిషిని చూసి దండం పెట్టబోయి, గోడవారన కూలబడ్డ భార్యను చూసి ఆగిపోయాడు.

"ఏమైందే?"

దుర్గమ్మ లేవలేదు. ఆవిడ కళ్ళు ఆయన మొహం మీద లేవు, నడుము మీద ఉన్నాయి.

"ఏమయ్యా. పిల్లగాన్ని పట్టుకపోయినంక, చెవి ఎవలికిచ్చినవ్?"

హన్మయ్య భుజం మీది సంచి దించి, జాగ్రత్తగా గోడకు ఆనించాడు. ఇంటి చెవా, గోదాం చెవా, ఇంకేదైనా చెవా? ఆ గుత్తిలో పదిహేను దాకా ఉన్నాయి. ఇంకెవరైనా అయితే ఆ మాటే అడిగేవారు.

ఏ చెవి అని హన్మయ్య అడగలేదు.